దొంగలగుట్టకు ఉద్యోగం

వృత్తి, ప్రవర్తన రుజువు చేసుకోవలసిందిగా నోటీసు అందుకున్న ఆరో రోజున, సోమవారం ఉదయం పదిన్నరకు, దొంగలగుట్ట స్వయంగా రాతిమడుగు మండల కార్యాలయానికి వచ్చి అర్జీదారుల వరుసలో కూర్చుంది. దానికి ముందు పదకొండు మంది ఉన్నారు. జాగా చాలనందువల్ల సైకిల్ స్టాండునూ, గేటు పక్కనున్న టీ బండినీ కొంచెం అవతలికి జరపవలసి వచ్చింది. టీ బండి ఆవిడ ఏమీ అనకుండా జరిగింది. ఆ ఆవరణలో అర్జీదారులకు నీడ లేదని తొమ్మిదేళ్లుగా అర్జీలు వస్తున్నాయి. ఆ రోజు మధ్యాహ్నం దాకా అందరూ గుట్ట నీడలోనే నిలబడ్డారు.

నోటీసులో పొరపాటేమీ లేదు. రెవెన్యూ రికార్డులో ఆ గుట్ట సర్వే నంబరుకు ఎదురుగా నూట ఇరవై ఏళ్లుగా "పోరంబోకు" అనే రాసి ఉంది. శిస్తు కట్టనక్కర్లేని ప్రభుత్వ భూమిని పోరంబోకు అంటారు. పనీపాటా లేకుండా తిరిగే మనిషినీ పోరంబోకు అనే అంటారు. రికార్డులన్నీ కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు ఈ రెండు జాబితాలూ ఒకే మాట కింద కలిసిపోయాయి. అప్పటినుంచి మండలంలోని పోరంబోకులందరికీ ఒకే నోటీసు వెళుతోంది. ముప్పై రోజుల్లో ఉద్యోగమైనా చూపించాలి, సత్ప్రవర్తన పత్రమైనా తేవాలి. రెండూ కుదరకపోతే, పని ఇస్తామని ముందుకు వచ్చినవారికి అప్పగిస్తారు. బస్టాండు వెనక పేకాడే నలుగురిని అప్పటికే ఒక టైర్ల గోదాముకు అప్పగించారు. ఊరవతలి పిల్లవాగు ఒక నీళ్ల సీసాల కంపెనీలో చేరింది. దొంగలగుట్టకు పని ఇస్తామని ఒక కంకర మిల్లు దరఖాస్తు పెట్టుకుని ఉంది.

గుట్టతోపాటు పెంచలయ్య వచ్చాడు. బస్టాండు దగ్గర వాచీలు బాగుచేసే చిన్న కొట్టు ఆయనది. యాభై నాలుగేళ్లు. భార్య చెంగమ్మ పోయి నాలుగేళ్లయింది. పిల్లలు లేరు. ఊళ్లో ఏ వీధిన నడిచినా ఎవరో ఒకరు ఆపి, "అన్నం ఎవరు వండుతా ఉండారు పెంచలయ్యా?" అని అడుగుతారు. అడిగేది ప్రేమతోనే. అయినా రోజుకు ఏడెనిమిదిసార్లు జవాబు చెప్పవలసి వచ్చేది. గుట్ట మీద ఎవరూ అడగరు. అందుకని ఆయన రోజూ తెల్లవారగానే గుట్టెక్కి, పైన ఒక చదును బండ మీద కాసేపు కూర్చుని దిగుతాడు. ఆ సోమవారం గుట్ట బయల్దేరే వేళకు ఆయన దాని మీదే ఉన్నాడు. మధ్యలో దిగడం మర్యాద కాదనిపించి అలాగే వచ్చాడు.

వంతు వచ్చాక సీనియర్ గుమాస్తా హిదాయతుల్లా కిటికీలోంచి తల పైకెత్తి గుట్టను శిఖరం దాకా చూశాడు. "కూర్చోమనండి" అన్నాడు. తర్వాత, కూర్చునే ఉందని గ్రహించి ఫైలు తెరిచాడు.

"పేరు?"

"దొంగలగుట్ట సార్" అన్నాడు పెంచలయ్య.

"ఇంకో పేరేమన్నా ఉండాదా? ఈ పేరుతో సత్ప్రవర్తన అడిగితే కష్టం."

"మా తాత కాలంనుంచీ ఇదే పేరు సార్. ఎప్పుడో దొంగలు దాక్కుంటా ఉండిరంట. ఇది ఎవురిదీ ఏమీ ఎత్తుకోలేదు."

"దాక్కోనిచ్చింది కదా" అన్నాడు విచారణకు వచ్చిన కానిస్టేబులు, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

"వానొస్తే గొర్రెల కాపర్లు కూడా దాక్కుంటారు సార్. ఇది అడగదు, ఎవురైతే ఏమని."

కానిస్టేబులు "అడగకుండా ఆశ్రయమిచ్చే అలవాటు కలదు" అని రాసుకున్నాడు.

వృత్తి ఏమిటని హిదాయతుల్లా గుట్టనే నేరుగా అడిగాడు. రూలు ప్రకారం అడగాలి. గుట్ట మాట్లాడలేదు. జవాబు రాకపోతే "సంజాయిషీ లేదు" అని రాసి ఆ పూటే ఫైలు మూసేయవచ్చు. హిదాయతుల్లా కలం కాసేపు గాలిలో ఉంచి, "ఆలోచించుకుంటున్నది" అని రాశాడు. దాంతో గుట్టకు నెల రోజుల గడువు పూర్తిగా దక్కింది. ఆ సాయం ఎవరూ గమనించలేదు. పెంచలయ్య మాత్రం గమనించి, వాచీ చూస్తానని చెప్పి ఆయన చేతి గడియారం అక్కడికక్కడే విప్పి, ఐదు నిమిషాలు వెనకబడుతున్నదాన్ని సరిచేసి ఇచ్చాడు. సాయంత్రం గుట్ట తన చోటికి వెళ్లిపోయింది. టీ బండి మళ్లీ గేటు దగ్గరికి జరిగింది.

రాతిమడుగులో గుట్టను నమ్ముకున్న సంఘాలు ఐదున్నాయి. నడకవాళ్లది, పిట్టలు చూసేవాళ్లది, బండలెక్కేవాళ్లది, సైకిళ్లవాళ్లది, ఫొటోలు తీసేవాళ్లది. గుట్టను కాపాడుకోవాలన్న విషయంలో ఐదు సంఘాలకూ ఒకే అభిప్రాయం ఉండేది. తక్కిన నాలుగు సంఘాలనుంచి కాపాడాలని వాటి అభిప్రాయం. బండలెక్కేవాళ్ల మేకుల చప్పుడుకు పిట్టలు బెదురుతున్నాయని పిట్టలవాళ్లు అనేవారు. పిట్టలవాళ్లు పొదల్లో కదలకుండా కూర్చోవడం చూసి నడకవాళ్లు బెదిరేవారు. సైకిళ్ల గురించి అందరూ ఒకే మాట అనేవారు. నోటీసు సంగతి తెలిశాక ఈ ఐదూ మొదటిసారి ఒకచోట చేరాయి. కల్యాణ మండపంలో భోజనాల హాలు మూడు గంటలు ఉచితంగా ఇచ్చారు. ఐక్య వేదిక ఏర్పడింది. పిట్టల సంఘం అధ్యక్షురాలు ప్రమీలారాణి దానికి కన్వీనరు. ఆమె జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఊళ్లో సగంమంది ఆమె శిష్యులే గనుక మాట సాగుతుంది.

మొదటి మూడు సమావేశాలు బ్యానరు గురించి జరిగాయి. బ్యానరు మీద ఏ సంఘం పేరు ముందుండాలనేది తేలలేదు. అక్షర క్రమంలో వేద్దామంటే "ఉదయపు నడక సంఘం" ముందొస్తుంది. పుట్టిన సంవత్సరం చూద్దామంటే రెండు సంఘాలు తమ పాత రసీదు పుస్తకాలు తెచ్చాయి. చివరికి బండలెక్కే సంఘం కార్యదర్శి కోదండం గుండ్రటి బ్యానరు వేయిద్దామన్నాడు. గుండ్రటిదానికి మొదలూ చివరా ఉండదు. అందరూ చప్పట్లు కొట్టారు. బ్యానరు వచ్చాక దాన్ని ఎలా వేలాడదీసినా ఏదో ఒక పేరు పైకి వస్తోందని తెలిసింది. అందుకని సమావేశం జరిగినంతసేపూ ఒక మనిషి దాన్ని నెమ్మదిగా తిప్పుతూ ఉండేటట్టు తీర్మానించారు. ఆ పని పెంచలయ్యకు ఇచ్చారు. గడియారాలవాడు కాబట్టి సమంగా తిప్పుతాడని అన్నారు. ఆయన సమంగానే తిప్పాడు. గడువులో పన్నెండు రోజులు గడిచాయి.

నాలుగో సమావేశంలో అసలు పని మొదలైంది. గుట్ట ఇప్పటికే ఒక ఉద్యోగం చేస్తోందని ప్రమీలారాణి చూపించారు. ఊరి చుట్టూ ఉన్న పొలాల దస్తావేజుల్లో చెక్కుబందీ రాసేటప్పుడు "తూర్పు: దొంగలగుట్ట" అనో, "పడమర: దొంగలగుట్ట" అనో రాస్తారు. అటువంటి దస్తావేజులు మూడువందల పన్నెండు దొరికాయి. అన్ని హద్దులకూ ఒక్కరోజు కూడా సెలవు పెట్టకుండా నూరేళ్లకు పైగా అది కాపలా ఉందని అర్జీ రాసి, నకళ్లు జతచేసి ఇచ్చారు. వారం తర్వాత జవాబు వచ్చింది. సదరు గుట్ట హద్దుగా పనిచేసిన మాట వాస్తవమే. అయితే నియామకపు ఉత్తర్వు ఏదీ లేనందున దాన్ని ఉద్యోగంగా కాక, అభిమానంతో చేసిన సేవగా పరిగణించి, మండలం తరఫున కృతజ్ఞతలు తెలియజేస్తున్నాము. కృతజ్ఞతల కింద ముద్ర చాలా శుభ్రంగా పడింది.

ఇక మిగిలింది సత్ప్రవర్తన పత్రం. దాని నమూనా అందరికీ తెలిసిందే. పై వ్యక్తిని నేను ఇన్ని సంవత్సరాలుగా ఎరుగుదును, నాకు తెలిసినంతవరకు ప్రవర్తన మంచిది, వీరు నాకు బంధువు కారు. ఇరవై ఏళ్లకు తగ్గకుండా, వారానికి కనీసం ఐదు రోజులు ఎరిగినవారే సంతకం చేయాలన్నది షరతు. ఐదు సంఘాల సభ్యులు నూట నలభై మంది. అందరూ ఆదివారాలు మాత్రమే ఎరిగినవాళ్లని హాజరు పుస్తకాల్లో తేలింది. బ్యానరు తిప్పడం ఆపి పెంచలయ్య ఒక్కడే ముందుకు వచ్చాడు. ఆయనకు ముప్పై ఒక్క ఏళ్లుగా తెలుసు. పెళ్లయిన కొత్తలో చెంగమ్మతో ఎక్కేవాడు. తర్వాత ఆమె మోకాళ్ల నొప్పులతో సగంలో ఆగి, "నువ్వు పోయిరా, నేనీడ కూచుంటా" అనేది. ఈ వివరం కోదండం పత్రంలో చేర్చబోతే, అక్కర్లేదులెమ్మని ప్రమీలారాణి మెల్లగా ఆపారు. పెంచలయ్య సంతకం పెట్టాడు. పొడి అక్షరాలతో కాకుండా ఇంటిపేరుతో సహా నిండుగా పెట్టాడు.

మర్నాడు హిదాయతుల్లా కబురు చేశాడు.

"కూర్చో పెంచలయ్యా. నీ ఇంటిపేరు గుట్టా అని నాకెప్పుడూ చెప్పలేదే."

"ఎవురూ అడగలేదు సార్. వాచీల పెంచలయ్య అనే అంటారు."

"గుట్టా పెంచలయ్య. దొంగల గుట్ట. ఒకే ఇంటిపేరంటా ఉండాది కంప్యూటరు. బంధువు సంతకం చెల్లదు."

"అది ఇంటిపేరు కాదు కదా సార్. అది గుట్ట."

"నాకు తెలుసు. దానికి తెలియాల కదా. గోత్రం వేరే అని చూపిస్తే వదిలేస్తాది. మీ గోత్రమేంది?"

పెంచలయ్య ఆలోచించాడు. వాళ్ల నాయన చెప్పకుండానే పోయాడు. "తెలీదు సార్."

హిదాయతుల్లా గుట్ట వివరాల పేజీ తిప్పి చూశాడు. గోత్రం అన్న చోట "తెలియదు" అని ఉంది. రెండూ సరిపోయాయి. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, అటెండరుతో రెండు టీలు తెప్పించాడు. "దీంట్లో ఒక మంచి ఉండాది. ఇంతవరకూ దానికి నా అనేవాళ్లు లేరు. ఇప్పుడు నువ్వు ఉండావు. నీ సమ్మతి లేకుండా దాన్ని ఎక్కడా ఉద్యోగంలో పెట్టేందుకు లేదు."

పెంచలయ్యకు ఆ మాట బాగుంది. చాలా కాలం తర్వాత ఒక కాగితం మీద ఆయనకు బంధువు కనిపించారు. కొట్టుకు వెళ్లేదారిలో ఇద్దరు ఆపి అన్నం సంగతి అడిగితే, విసుగు లేకుండా జవాబు చెప్పాడు.

గడువు ఇంకా మూడు రోజులుందనగా ఐక్య వేదిక ఉద్యోగం సంపాదించింది. ప్రమీలారాణి పూర్వ విద్యార్థి ఒకాయన స్థిర వస్తువుల ఉపాధి విభాగంలో అధికారి. కొత్తగా వేస్తున్న ఆరు వరుసల రోడ్డులో ఆయన గుట్టకు ఒక పోస్టు సృష్టించాడు. పర్మినెంటు. ప్రభుత్వోద్యోగం. ఆ మాట వినగానే భోజనాల హాలులో ఎవరో లేచి వెళ్లి మిఠాయి తెచ్చారు. సైకిళ్ల సంఘం వాళ్లు పిట్టల సంఘం వాళ్లకు మిఠాయి అందించడం అదే మొదలు.

పెంచలయ్య బ్యానరు గోడకు ఆనించి అడిగాడు. "రోడ్డులో గుట్టకు ఏం పని మేడం?"

"ఫీల్డు వర్కు పెంచలయ్యా. రోజూ పోయిరావాల."

"పోతే, తిరిగొస్తాదా?"

ప్రమీలారాణి అబద్ధం చెప్పే మనిషి కాదు. నియామకపు నిబంధనలు మడత విప్పి నాలుగో పేజీ చదివారు. "విధి నిర్వహణకై లారీలలో వెళ్లి తిరిగి రాని భాగములను సెలవులో ఉన్నట్లు పరిగణించవలెను."

"కంకర మిల్లోళ్లు కూడా లారీల్లోనే కదా తీసుకుపోయేది" అన్నాడు పెంచలయ్య.

"అదీ ఇదీ ఒకటేనా అన్నా?" అన్నాడు కోదండం. "ఆడికి పోతే పోరంబోకుగా పోతాది. ఈడికి పోతే ఉద్యోగిగా పోతాది. సర్వీసు రిజిస్టరు ఉంటాది. రేపు మనం పదిమందిలో తలెత్తుకుని చెప్పుకోవచ్చు, మా గుట్ట గవర్నమెంటు సర్వీసులో ఉండాదని."

"నాకు అది ఉన్నచోట ఉంటే చాలు కోదండం. ఎవరికీ చెప్పుకోను."

"నీ సమ్మతి ఉద్యోగానికే కావాల, అప్పగింతకు అక్కర్లేదు. నువ్వు సంతకం పెట్టకపోతే గురువారం మిల్లుకు అప్పజెప్తారు" అన్నారు ప్రమీలారాణి. కోపంగా అనలేదు. కాలేజీలో పరీక్ష తప్పినవాళ్ల దగ్గర కూర్చుని మాట్లాడే గొంతుతో అన్నారు. "మిల్లుకైతే రెండు నెలలు. దీంట్లో పద్ధతి ప్రకారం పోతాది, రెండేళ్లు పడతాది. పడమటి పక్క నుంచి మొదలు పెట్టమని రాయించినాను. నువ్వు కూచునే బండ తూర్పున కదా. ఉదయం ఎనిమిది దాకా నడకవాళ్లకు అనుమతి కూడా అడిగినాను. ఒప్పుకున్నారు. నా చేతనయింది ఇది, పెంచలయ్యా."

తన బండ ఎటువైపు ఉందో ఆమెకు తెలుసునని పెంచలయ్యకు అప్పటిదాకా తెలియదు. ఆయన ఆ రాత్రి వంట చేసుకోలేదు. మరుసటి ఉదయం గుట్టెక్కి, చదును బండ మీద కాగితం పరిచి, గాలికి ఎగరకుండా ఒక రాయి పెట్టి, దిగేలోపు సంతకం పెట్టాడు. ఆ రాయిని తిరిగి ఉన్నచోటే పెట్టాడు.

గుట్ట మొదటి తారీఖున ఉద్యోగంలో చేరింది. ఐదు సంఘాలూ వచ్చి మొదటి లారీకి బంతిపూల దండ వేశాయి. గుండ్రటి బ్యానరు ముందు అందరూ ఫొటో దిగారు. ఆ ఫొటోలో బ్యానరు కొంచెం కదిలినట్టు వచ్చింది, ఎవరి పేరూ స్పష్టంగా లేదు. అందరూ సంతోషించారు. అప్పటినుంచి గుట్ట రోజూ ఎనిమిదింటికి డ్యూటీకి వెళ్లేది. ఒక్కరోజు ఆలస్యం లేదు. సెలవు పుస్తకంలో లెక్కలు కచ్చితంగా ఉండేవి: మంగళవారం నలభై లారీలు వెళ్లినవి, సున్నా తిరిగి వచ్చినవి, నలభై సెలవులో. సెలవు ఎప్పుడు ముగుస్తుందన్న గడి ఆ పుస్తకంలో లేదు.

ఐక్య వేదిక పని ఆగలేదు. గుట్ట ఎత్తు తగ్గిన కొద్దీ ఏ సంఘానికి ఎంత మిగలాలన్న విషయంలో గొడవలు రాకుండా ప్రతి నెలా సర్దుబాటు చేసేవారు. బండలెక్కేవాళ్లు ఆరో నెలకు నిలువు బండలు వదులుకున్నారు. సైకిళ్లవాళ్లకు చివరి ఎగుడు చదునయ్యాక తొక్కడం సులువైంది, అందుకు ధన్యవాదాలు తెలిపారు. పిట్టలవాళ్లకు లెక్కపెట్టడం సులువైంది. మొదటి ఏడాది వార్షిక నివేదికలో నలభై రెండు రకాలు, రెండో ఏడాది పదకొండు. "తప్పులు బాగా తగ్గినవి" అని కోశాధికారి రాశాడు. ఆ వాక్యం దగ్గర ప్రమీలారాణి కలం ఆపుకుని చాలాసేపు కూర్చున్నారు. తర్వాత సంతకం పెట్టారు. జిల్లాలో సంఘాలన్నీ కలిసికట్టుగా పనిచేసి ఒక పోరంబోకు గుట్టకు గౌరవప్రదమైన జీవితం కల్పించడం ఇదే మొదటిసారి అని కలెక్టరేటునుంచి ఒక జ్ఞాపిక వచ్చింది. జ్ఞాపిక నున్నటి నల్లరాయితో చేసింది. ఆ రాయి ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

పెంచలయ్య రోజూ వెళ్లేవాడు. లారీల డ్రైవర్లు ఆయన్ని ఎరిగారు. ఒకాయన, కొండపల్లె నుంచి వచ్చే పెద్ద వయసు డ్రైవరు, పెంచలయ్య బండ మీద ఉన్నంతసేపూ ఇంజను ఆపి ఉంచేవాడు. కారణం చెప్పేవాడు కాదు. ఇరవై మూడో నెలలో చదును బండ ఒక్కటే మిగిలింది. ఆ రోజు ఆయన ఎనిమిదీ ఐదు దాకా కూర్చున్నాడు. డ్రైవరు ఇంజను వేయలేదు. ఎనిమిదీ పదికి పెంచలయ్యే లేచి, పంచె దులుపుకుని, "కానీయండి" అన్నాడు.

గుట్ట పూర్తిగా సెలవులోకి వెళ్లిపోయినందున, అది ఉద్యోగంలో ఉండగానే కాలం చేసినట్టు విభాగం నిర్ధారించింది. సానుభూతి తీర్మానం వచ్చింది. దాని వెనకే హిదాయతుల్లా కబురు కూడా.

"కారుణ్య నియామకం అని ఒకటి ఉండాది పెంచలయ్యా. సర్వీసులో ఉండి పోయినవాళ్ల ఉద్యోగం రక్తసంబంధీకుల్లో ఒకరికి ఇస్తారు. దీనికి నువ్వొక్కడివే."

"గుట్ట ఉద్యోగం నేనెట్ల చేసేది సార్?"

"రోడ్డు పని అయిపోయింది. ఇంక ఉండాల్సింది ఆడ గుట్టగానే."

"నాకు యాభై ఆరు నిండినాయి."

"వయసు సడలింపు ఉండాది. పోయినాయన వయసుతో పోలిస్తే నువ్వు చిన్నవాడివే అని రాసినాను." హిదాయతుల్లా గొంతు తగ్గించాడు. "పోస్టు ఖాళీగా ఉంటే ఆ జాగా గుంట కింద లెక్క. మునిసిపాలిటీ చెత్త వేసుకునేందుకు ఫైలు పైకి వచ్చేసింది. ఆడ గుట్ట ఉండాదని రికార్డులో ఉన్నంతకాలం ఒక్క బండి కూడా రాలేదు. నేను ఇంతకంటే ఏం చెప్పను."

ఐక్య వేదిక అత్యవసరంగా సమావేశమై, పెంచలయ్య ఈ ఉద్యోగాన్ని స్వీకరించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇంతకుముందు ఏ విషయంలోనూ ఏకగ్రీవం కుదరలేదు. వాచీల కొట్టు తాళం చెవి పక్కకొట్టు చెప్పుల ఖాదర్‌కు ఇచ్చి, పెంచలయ్య సోమవారం విధుల్లో చేరాడు.

పని కష్టమైనదేమీ కాదు. ఉదయం తొమ్మిదినుంచి సాయంత్రం ఐదు దాకా గుట్ట ఉండిన చోట, గుంట మధ్యలో మిగిల్చిన ఒక చిన్న దిమ్మె మీద నిలబడాలి. కదలకూడదు గానీ గాలికి కదిలినంత కదలవచ్చు. గొడుగు పట్టకూడదు. తలమీద పిట్ట వాలితే తోలకూడదు. నడకవాళ్లు ఆయన చుట్టూ ఇరవై ప్రదక్షిణలు చేసి వెళ్లేవారు. పిట్టల సంఘం వారానికొకసారి దుర్భిణీలతో వచ్చి భుజాలు చూసేది. ఒక గోరువంక, రెండు పిచ్చుకలు. కోదండం ఆయన్ని ఎక్కడం బాగుండదని, కొంచెం దూరంలో నిలబడి తాళ్లు చుట్టుకుని వెళ్లిపోయేవాడు. మధ్యాహ్నం ప్రమీలారాణి క్యారియరు పంపేవారు. గుట్ట భోజనం చేయవచ్చో లేదో నిబంధనల్లో లేదు. అందుకని ఆయన వెనక్కి తిరిగి కూర్చుని తినేవాడు. తెలిసినవాళ్లు ఆ పది నిమిషాలూ అటు చూసేవారు కాదు. చెత్తబండి ఒకటి రెండుసార్లు వచ్చి, ఆయన్ని చూసి, వెనక్కి తిప్పుకుని వెళ్లింది. అలా వెళ్లిన రోజుల్లో ఆయనకు రాత్రి బాగా నిద్ర పట్టేది.

దోమల కాలం, ఎండల కాలం గడిచాయి. జూన్‌లో మేఘాలు వచ్చి అలవాటు కొద్దీ ఆ చోట తచ్చాడి, తగులుకోవడానికి ఏమీ దొరక్క ముందుకు పోయాయి. ఆ ఏడు రాతిమడుగులో వాన పడలేదు. పెంచలయ్య ఎత్తు చాలడం లేదని విభాగం ఒక మెమో ఇచ్చింది. ఆయన మునివేళ్ల మీద లేచి నిలబడడం మొదలుపెట్టాడు. మెమో వెనక్కి తీసుకున్నారు.

జూలైలో ఒక ప్రాథమిక పాఠశాల వాళ్లు మూడో తరగతి పిల్లల్ని తీసుకుని వచ్చారు. పరిసరాల విజ్ఞానంలో "మన ఊరి గుట్ట" అనే పాఠం ఉంది. పిల్లలు గుంట గట్టు మీద వరుసగా కూర్చుని గుట్టను చూసి బొమ్మ వేశారు. టీచరు వరుస వెంట నడుస్తూ దిద్దింది. చాలామంది బాగానే వేశారు: కళ్లజోడు, పంచె, భుజం మీద పిచ్చుక. ఒక అమ్మాయి మాత్రం కాగితం అడుగునుంచి పై అంచు దాకా, రెండు పక్కలా నిండిపోయేట్టు, ఏదో పెద్దదాన్ని వేసింది. దాని మీద చెట్లు వేసింది. మేఘం వేద్దామంటే చోటు చాలక, వెనక పేజీలో వేసింది.

టీచరు ఆగి చూసింది. మంచి మనిషి, తిట్టలేదు. ఎర్ర పెన్నుతో పక్కన ఒక గీత గీసి, "ఇంత పెద్దగా ఉండదమ్మా గుట్ట. ఎదురుగా ఉండాది కదా, చూసి వెయ్యాల" అంది.

అమ్మాయి కాగితం పట్టుకుని గుంటలోకి దిగి దిమ్మె దగ్గరికి వచ్చింది. తల పైకెత్తి అడిగింది. "గుట్ట తాతా, నువ్వెప్పుడూ ఇంతే ఎత్తుండావా?"

పెంచలయ్య కాగితం చూశాడు. పడమటి వైపు వాలు, తూర్పున పైన చదునుగా ఒక చోటు. ఆ పిల్లకు ఏడెనిమిదేళ్లుంటాయి. గుట్ట నిండుగా ఉన్ననాటికి నాలుగైదేళ్లది, గుర్తుండే వయసు కాదు. ఎక్కడినుంచి వేసిందో తెలియదు. గట్టు మీద ముప్పై మంది పిల్లలు పెన్సిళ్లు ఎత్తి పట్టుకుని జవాబు కోసం చూస్తున్నారు. వాళ్ల వెనక, రోడ్డు మీద, ఒక చెత్తబండి వేగం తగ్గించింది.

"ఇంతే తల్లీ" అన్నాడు పెంచలయ్య. "మీ టీచరు చెప్పిందే నిజం."

అమ్మాయి అక్కడే కూర్చుని, రబ్బరుతో చెరపడం మొదలుపెట్టింది.